వీథిలో నాటకదీపం

కార్తిక పౌర్ణమి సంధ్యాసమయంలో శివాలయాల ఎదుట రెండు స్తంభాలు నాటి, వాటిపై అడ్డుకర్రకు ఎండుగడ్డి చుట్టి జ్వాలాతోరణం వెలిగిస్తారు. పార్వతీపరమేశ్వరుల పల్లకి దాని క్రిందుగా ముమ్మారు సాగుతుంది. అదే వేళకు వీథి కూడా అలంకృతమవుతుంది. గడపల ముందు రంగవల్లులు, అరుగులపై ప్రమిదలు, కూడలిలో కోలాటం. ఇటీవలి కాలంలో వీటికి విద్యుద్దీపాల తోరణాలు, దేవతారూపాల లైటింగ్ కటౌట్లు, డీజే పెట్టెలు తోడైనాయి. గర్భాలయంలో జరిగేదే ఆరాధన, వీథిలో జరిగేది కేవలం వినోదమని కొందరు ఆస్తికులు దీనినంతటినీ ఒక్కమాటతో త్రోసిపుచ్చుతున్నారు. ఆ మాట శాస్త్రానికి గాని, సంప్రదాయానికి గాని నిలిచేది కాదు.

గుంటూరు నుండి పొన్నూరు వెళ్ళే దారిలోని చేబ్రోలే దీనికి సాక్ష్యం. దీని ప్రాచీన నామం తామ్రపురి. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి గజసాహిణి అయిన జాయప సేనాని ఇక్కడి అధికారి. ఇక్కడ శివాలయం నిర్మించి, ఆలయ నర్తకీమణులకు నివాసగృహాలు కట్టించిన శివభక్తుడు. క్రీ.శ. 1253-54లో ఆయన సంస్కృతంలో రచించిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగూ భరతముని చూపిన మార్గనృత్తానికి, మిగిలిన నాలుగూ దేశినృత్తానికి కేటాయించాడు. పేరణి, గొండలి, చర్చరి, దండరాసకం, చిందు మొదలైన జనపద నృత్తాలకు సైతం సంస్కృత లక్షణం కూర్చిన మహానుభావుడాయన. శాస్త్రగ్రంథంలో సగభాగం వీథికి ఇచ్చిన పండితుడు ఏలిన గ్రామంలో కోలాటాన్ని చులకన చేయడం ఎంతవరకు సమంజసం?

రంగవల్లి విషయమూ అంతే. బియ్యపు పిండితో వేసిన ముగ్గు తెల్లవారేసరికి చీమలకు ఆహారమవుతుంది. పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞమొకటి. ఏ మంత్రమూ చదవకుండానే ఆ యజ్ఞాన్ని నిత్యం నిర్వర్తిస్తున్నది గృహిణి. (నేటి రసాయనపు రంగులకు ఈ ఫలం లేదు, అవి కంటికి ఇంపు, చీమకు సున్న.)

కనుక వివాదం వీథికీ గుడికీ నడుమ కాదు. వెలుగు దేనికొరకు అన్నదే అసలు ప్రశ్న.

శ్రీ విద్యారణ్యస్వామి పంచదశిలోని పదవ ప్రకరణం పేరు నాటకదీపం. నాట్యశాలలో ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. సభాపతిని, సభ్యులను, నర్తకిని అది సమంగా ప్రకాశింపజేస్తుంది. అందరూ వెళ్ళిపోయిన పిదప కూడా తానుగా వెలుగుతూనే ఉంటుంది. ఇందులో నర్తకి బుద్ధి, తాళం వేసేవారు ఇంద్రియాలు, సభ్యులు విషయాలు, దీపం సాక్షిచైతన్యం. మరి సభాపతి ఎవరు? అహంకారం. ఆడుతున్నది తన కొరకేననీ, మెప్పూ నొప్పీ తనవేననీ అనుకునేవాడు.

ఈ ఉపమానాన్ని మనస్సులో నిలుపుకొని నేటి ఉత్సవవీథిని చూడాలి. ఫ్లెక్సీలపై దాతల ముఖాలు వేయి బల్బుల కాంతిలో మెరుస్తుంటాయి. ఆ ప్రక్కనే స్వామి పల్లకి నీడలో సాగిపోతుంది. దీపోత్సవాన్ని కూడా లక్షలలో లెక్కించి, పొరుగూరికంటె ఎక్కువయిందని చాటుకోవడం పరిపాటి అయింది. సాక్షికి ప్రతీకగా నిలవవలసిన దీపం సభాపతికి సేవకురాలైంది. అక్కడే ఉన్నది దోషం, విద్యుత్తులో లేదు. గోపురంపై వేసిన దీపాలు వృద్ధులకు మెట్లు చూపిస్తున్నాయి, అది కూడా సేవయే. డీజే మాత్రం కోలాటపు కర్రల సవ్వడిని, వేదస్వరాన్ని ఒకేసారి మ్రింగివేస్తున్నది. దానిని సమర్థించడానికి ఏ యుక్తీ దొరకదు.

చేబ్రోలులో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మాలయం కోనేటి నడుమ ఉన్నది. లింగం చుట్టూ నాలుగు దిక్కులకూ బ్రహ్మ ముఖాలే. ఎటు నుండి వచ్చినవాడికైనా స్వామి ఎదురుగానే ఉంటాడు. ఇటువంటి కోనేటి గట్టున ఒక ప్రమిద పెట్టినా నీటిలో రెండవ దీపం కనిపిస్తుంది. గట్టున ఫ్లడ్‌లైటు వేస్తే ఆ రెండవ దీపం కానరాదు.

ఉత్సవ నిర్వాహకులు చేయవలసినది పెద్దదేమీ కాదు. ఊరంతా చీకటి చేయనక్కరలేదు. పల్లకి ఆలయద్వారం దాటినప్పటి నుండి జ్వాలాతోరణం క్రింద మూడవమారు సాగేవరకు, ఆ అరగంటసేపు, వీథిలోని అలంకార దీపాలను, డీజేను ఆపితే చాలు. దాతల పేర్లు కావలసివస్తే మరునాడు ఆలయ ప్రకటన పలకపై వ్రాయవచ్చు. తోరణంలో కాలగా మిగిలిన గడ్డిపరకలను రైతులు భక్తితో ఇంటికి తీసుకువెళ్ళి, గాదెలోనో పశువులపాకలోనో ఉంచుకుంటారు. ఆ పరకలు ఏరుకోవడానికి మాత్రం కాస్త వెలుతురు అవసరమే. అప్పుడు మళ్ళీ స్విచ్ వేయవచ్చు.