సాంబమసూరిని ఏ కంపెనీ కనిపెట్టింది?

ఇన్నోవేషన్, ఇన్నోవేషన్ అని ఢిల్లీ నుంచి ఒకటే మోత. పరిశోధన, ఆవిష్కరణల పేరుతో లక్ష కోట్ల రూపాయల పథకానికి 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, అసలు వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులు ఇస్తారట. (మనకేమో గడువులోగా కడితేనే పంట రుణం మీద 4 శాతం వడ్డీ. గడువు దాటితే ఆ రాయితీ కూడా పోతుంది.)

పరిశోధన వద్దని మనం అనడం లేదు. జాతీయాదాయంలో 0.64 శాతం మాత్రమే ఈ దేశం పరిశోధనకు పెడుతోంది, పెంచాల్సిందే. ఆ డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నారన్నదే మన తగాదా.

మన పొలాల్లోకి వచ్చిన ఆవిష్కరణలనే చూడండి. స్వర్ణను 1982లో మార్టేరు ఇచ్చింది. సాంబమసూరిని 1986లో బాపట్ల ఇచ్చింది. రెండూ సర్కారు జీతం తీసుకునే శాస్త్రవేత్తలు తీసిన వంగడాలే. మనం ఎవరికీ రాయల్టీ కట్టలేదు. పండిన దాంట్లో రెండు బస్తాలు పక్కన పెడితే మరుసటి ఏటికి విత్తనం. చుట్టాలు అడిగితే వడ్లకు వడ్లు మార్చుకున్నాం. అలా చేతులు మారుతూనే అవి రాష్ట్రాల ఎల్లలు దాటాయి. మిల్లులు, వ్యాపారులు, హమాలీలు వాటి మీద బతికారు. ఇది ఆర్థికాభివృద్ధి కాదా?

ఇక పత్తి. బీటీ 2002లో వచ్చింది. మొదట్లో కాయ పురుగు తగ్గింది, మందుల ఖర్చు తగ్గింది, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ దాన్ని హైబ్రిడ్లలో పెట్టి అమ్మారు. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే పంట ఒక్క తీరుగా రాదు, ఏటా కొనాల్సిందే. నంద్యాల ఇచ్చిన నరసింహ రకం గింజకు ఈ బాధ లేదు. బీటీ 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో పెద్ద భాగం మాన్‌శాంటో జన్యువుకు కట్టే రాయల్టీయే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఎక్కాక, 2006లో ధర 750కి దిగింది. సగానికి సగం దిగినా అమ్మగలిగారంటే అంతకుముందు మన దగ్గర గుంజింది ఎంతో లెక్క వేసుకోండి. తర్వాత గులాబీ రంగు పురుగు బీజీ-2కు కూడా అలవాటు పడింది. స్ప్రేయర్లు మళ్లీ భుజానికెక్కాయి. కట్టిన రాయల్టీ ఎవరైనా వెనక్కిచ్చారా?

డ్రోన్ ఎగిరితే మంత్రిగారికి ఫొటో పడుతుంది. వంగడం తీయాలంటే పదేళ్లు పడుతుంది, ఫొటో పడదు. పరిశోధనా స్థానాల్లో పోస్టులు ఖాళీగా ఉంటే ఎవరికీ పట్టకపోవడానికి కారణం అదే.

ఓట్లకో, రైతు సదస్సులకో వచ్చే ఎంపీలను మన సంఘం తరఫున ఊరూరా అడుగుదాం: ఆ లక్ష కోట్లలో మార్టేరుకెంత, బాపట్లకెంత, నంద్యాలకెంత? ఖాళీ పోస్టులు ఎప్పటిలోగా నింపుతారు? దాచుకుని వేసుకోగల బీటీ పత్తి రకాలను మన యూనివర్సిటీల నుంచి ఎప్పుడిస్తారు? జవాబు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి.