సీసీఎన్ఏకు కోచింగా, సొంత చదువా? ముందు గది ఎవరికుందో అడగాలి

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బస్సు దిగితే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. బీటెక్కో, డిగ్రీనో పూర్తిచేసి ఊరి నుంచి వచ్చిన మన పిల్లల్లో నెట్‌వర్కింగ్ వైపు వెళ్లాలనుకునేవారికి అక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్ఏ సర్టిఫికెట్ కోసం కొద్దిరోజుల ఫాస్ట్‌ట్రాక్ కోచింగ్‌లో చేరాలా, సొంతంగా చదువుకోవాలా? చాలామంది దీన్ని ఎవరిష్టం వాళ్లదన్నట్టు మాట్లాడతారు. కానీ ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. ఎవరికి ఏమి అందుబాటులో ఉందన్నదే ఇక్కడ అసలు సంగతి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. పరీక్ష ఫీజు 300 డాలర్లు. పన్ను కలపకముందే పాతికవేల రూపాయలు దాటుతుంది. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక తల్లి 80 రోజులకు పైగా మట్టి తవ్వితే వచ్చే డబ్బు ఒక్క పరీక్షకు సరిపోతుంది. తప్పితే ఫీజంతా మళ్లీ కట్టాలి. పాసైనా సర్టిఫికెట్ చెల్లేది మూడేళ్లే. కోచింగ్ ఫీజు, హాస్టల్ అద్దె, తిండి ఖర్చు దీనికి అదనం. కాలేజీ చదువుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కానీ అమీర్‌పేట కోచింగ్‌కు లేదు.

చదవడానికి కావాల్సిన సరుకు మాత్రం చాలావరకు ఉచితమే. ఏ అంశానికి ఎంత వెయిటేజీ ఉందో సిస్కోయే ప్రకటిస్తుంది. ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ మౌలికాంశాలకు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, భద్రతకు 15, ఐపీ సేవలకు 10, ఆటోమేషన్‌కు 10. రూటర్లు, స్విచ్‌లు కొనకుండానే కంప్యూటర్‌లో సాధన చేసుకునే ప్యాకెట్ ట్రేసర్‌ను పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తుంది.

మరి కోచింగ్ అమ్ముతున్నదేమిటి? ఒక వేళ, ఒక క్రమం, అడిగితే సందేహం తీర్చే మనిషి, అర్థం కానిది తెలుగులో చెప్పే గొంతు. పరీక్ష తెలుగులో లేదు. ప్రభుత్వ బడిలో తెలుగు మీడియం చదివి వచ్చినవారికి ఈ చివరిది చిన్న విషయం కాదు.

అయితే తక్కువ రోజుల కోర్సుకు ఒక పరిమితి ఉంది. స్లాష్ 26 నెట్‌వర్క్‌లో 64 చిరునామాలుంటాయని, వాటిలో పరికరాలకు ఇవ్వగలిగేవి 62 అని క్లాసులో వింటే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. పరీక్షలో గడియారం నడుస్తుండగా ఆ లెక్క వేయాలంటే వారాల తరబడి రోజూ చెయ్యి తిరగాలి. ఇప్పటికే ఈ పనిలో ఉన్నవారికి ఫాస్ట్‌ట్రాక్ మంచి పునశ్చరణ. కొత్తవారికి అది సరిపోదు. ఆ లోటు పూడ్చుకోవడానికి కొందరు డంప్స్ బట్టీ పడతారు. దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

సొంత చదువుకు పట్టుదల ఉంటే చాలనే మాట, తలుపు వేసుకోవడానికి గది ఉన్నవాళ్లు చెప్పే మాట. ఒకే గదిలో ఇల్లంతా పడుకునే చోట, అరువు లాప్‌టాప్‌తో, ఫోన్ డేటాతో చదివేవారు మధ్యలో ఆగిపోతే అది బద్ధకం కాదు. సొంతంగా చదవాలంటే ఒంటరిగా చదవాలనేమీ లేదు. ఎస్సీ హాస్టల్లోనో, వాడలోని అంబేడ్కర్ భవనంలోనో నలుగురు ఒక లాప్‌టాప్ ముందు రోజూ రెండు గంటలు కూర్చుంటే, కోచింగ్ అమ్మే వేళా క్రమమూ అక్కడే దొరుకుతాయి. ఆ పాఠం ముందే నేర్చిన సీనియర్ ఒకరు వారానికోసారి వస్తే సందేహాలూ తీరతాయి. అప్పటికీ కొరకరాని అంశం మిగిలితే దానికి మాత్రమే క్లాసు కొనుక్కోవచ్చు. నమూనా పరీక్షల్లో నిలకడగా మంచి మార్కులు వచ్చాకే ఫీజు కట్టాలి.

సర్టిఫికెట్ కులాన్ని చెరిపేస్తుందన్న భ్రమ మాత్రం వద్దు. 2007లో సుఖదేవ్ థొరాట్, పాల్ ఆటెవెల్ ప్రచురించిన అధ్యయనంలో ప్రైవేటు ఉద్యోగాలకు సమాన అర్హతలతో దరఖాస్తులు వెళ్లాయి. అగ్రకుల పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపొచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ఈ సర్టిఫికెట్ ఇచ్చే సిస్కోపైనే 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం కుల వివక్ష కేసు వేసింది. ఫిర్యాదు ప్రకారం బాధితుడు ఐఐటీలో చదివిన దళిత ఇంజనీరు. కంపెనీ ఆరోపణలను తోసిపుచ్చింది. 2023లో ఇద్దరు మేనేజర్లపై కేసును ఆ విభాగం ఉపసంహరించుకున్నా, కంపెనీపై కొనసాగించింది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేనంతకాలం సర్టిఫికెట్ తలుపు దాకా తీసుకెళ్తుంది. తలుపు తెరిపించే పోరాటం వేరే ఉంది.

అందుకే ఈ ప్రశ్నను విద్యార్థి ఒక్కడి మీదే వదిలేయకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం పోరాడితేనే వచ్చింది. తెలంగాణలో 2017 నుంచి అది ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. ఆ నిధుల నుంచి ప్రతి ఎస్సీ హాస్టల్లో రాత్రిపూట కూడా తెరిచి ఉండే కంప్యూటర్ ల్యాబ్, నమూనా పరీక్ష దాటినవారికి సర్టిఫికేషన్ ఫీజు అడగాలి. విద్యార్థి సంఘాల డిమాండ్ల పత్రంలో ఈ రెండూ చేరాలి. అప్పుడే కోచింగా, సొంత చదువా అన్నది మన పిల్లలకు నిజంగా ఎంచుకునే విషయమవుతుంది.