రుచి చెప్పుట ఒక విద్య

ఒక వస్తువు బాగున్నదని చెప్పుటకు నాలుక చాలును. ఎందువలన బాగున్నదో చెప్పుటకు మాత్రము సాధన కావలెను. ఈ భేదమును గుర్తింపనిచోట విమర్శకు తావులేదు.

ఇంగ్లండులో బ్రౌన్ ఏల్ అను పానీయము కలదు. బార్లీగింజలను మొలకెత్తించి, వేచి, వాని తీపిరసమును హాప్ పువ్వులతో కాచి పులియబెట్టి దానిని తయారుచేయుదురు. గింజ వేగిన కొలదియు రంగు ముదురును. న్యూకాజిల్ నగరపు బ్రౌన్ ఏల్ 1927లో వెలువడి ఈ తెగకు పేరు తెచ్చినది. ఇట్టి పానీయముల గుణదోషములను నిర్ణయించువారికి శిక్షణయు, పరీక్షయు నుండవలెనని 1985లో అమెరికాలో ఒక సంస్థ ఏర్పడినది. వారి పట్టికలో మొత్తము 50 మార్కులు. వాసనకు 12, కంటికి కనబడు తీరుకు 3, రుచికి 20, నోటిలో తోచు చిక్కదనమునకు 5, మొత్తముమీది అభిప్రాయమునకు 10. అనగా నిర్ణేత ఇష్టమునకు దక్కినది ఐదవ వంతు మాత్రమే. తక్కిన 40 మార్కులకును అతడు కారణము చూపవలెను.

దోషములను చెప్పుటలోను ఇదే పద్ధతి. తడికాగితపు వాసన వచ్చినచో గాలి సోకి పాతబడినదని గ్రహించును. వినెగారు పులుపు తగిలినచో సూక్ష్మజీవులు చేరినవని తెలిసికొనును. ముక్కుపుటములదరు దుర్గంధము వచ్చినచో సీసాకు ఎండ తగిలి హాప్ సారము చెడినదని చెప్పును. దోషమునకు పేరు పెట్టినప్పుడు తయారుచేసినవాడు దానిని దిద్దుకొనగలడు. ‘బాగులేదు’ అన్న ఒక్కమాటవలన ఎవరికిని మేలు కలుగదు.

ఇది పరదేశపు విద్య అని తలపనక్కరలేదు. గౌతమి ఒడ్డున ఏడు శనివారముల వెంకన్నకు నెలవైన వాడపల్లి కొబ్బరితోటల కోనసీమలోని గ్రామము. కొబ్బరి, తాటిచెట్లనుండి గీసి దింపు కల్లు బ్రౌన్ ఏలునకు దగ్గర చుట్టమే. రెంటిలోను చక్కెరను మద్యముగా మార్చునది ఈస్టే. ఏలునకు దినములు, వారములు పట్టును. కల్లునకు గంటలు చాలును. లోపల సున్నము పూసిన లొట్టిలో పట్టినచో రసము పులియక నీరాగా నిలుచును. లేనిచో ఉదయపు తీపి సాయంకాలమునకు పులుపుగా మారును. గీతపనివారు తాటికల్లును చెట్టునుబట్టి, కాలమునుబట్టి పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని వేఱువేఱుగా వ్యవహరింతురు. వేఱు పేర్లు పెట్టుటయే వేఱు రుచులను గుర్తించినారనుటకు సాక్ష్యము. అట్టి మాటలు నోటనే నిలిచి, పుస్తకములకు ఎక్కుట అరుదైనది.

బడిపిల్లలు చదువు పుటలో కల్లు ప్రసంగము తగునా అని శంక కలుగవచ్చును. అది న్యాయమైన శంకయే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో రాష్ట్రమున సారా నిషేధింపబడినది. 1995లో మద్యనిషేధము వచ్చి 1997లో సడలినది. తాగుడు కూల్చిన కాపురముల దుఃఖమే ఆ ఉద్యమమునకు మూలము. దానిని చిన్నబుచ్చు మాట ఏదియు చెల్లదు. అయినను తాగువాడు వేఱు, నిర్ణేత వేఱు. తాగువాడు తన్ను మఱచుటకు త్రాగును. నిర్ణేత రుచిని జ్ఞాపకముంచుకొనుటకు ఒకటి రెండు గుక్కలు పుచ్చుకొనును. మత్తెక్కిన నాలుక తీర్పు చెప్పజాలదు. కనుక ఈ విద్యకు మితమే మొదటి నియమము. దీనిని అభ్యసించుటకు పిల్లలకు కల్లుతోగాని, ఏలుతోగాని పనిలేదు.

కావలసినది భాష. అది తెలుగున కొఱతపడలేదు. వగరు, కమురు, కనరు, నీచు, ఘాటు, చప్పన అను మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క అనుభవమునకు గుర్తు. బ్రౌన్ ఏల్ రుచినైనను ముదురుపాకపు బెల్లము, వేచిన వేరుసెనగ, కాలిన రొట్టె అంచు అని తెలుగులో చెప్పవచ్చును. పూర్వపు ఆలంకారికులు కవిత్వమును ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని విభజించినప్పుడు ఫలముల రుచియే వారికి కొలబద్ద అయినది. టెంక పగులగొట్టినగాని తీపి దొరకని కవిత్వమున కెట్టి పేరు తగునో కోనసీమ పిల్లవానికి వేఱుగా బోధింపనక్కరలేదు.

వాడపల్లి ఉన్న మండలమునకే కేంద్రమైన ఆత్రేయపురపు పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఉపాధ్యాయుడు ఒక పూతరేకును తరగతిలో పంచి, ‘బాగున్నది’ అను మాట వాడక నాలుగు వాక్యములు వ్రాయుడని అడుగవచ్చును. రేకు నాలుకపై వెంటనే కరగినదా? నేతివాసన కమ్మగా నున్నదా, పాతబడినదా? బెల్లపు తీపి ముందు తగిలినదా, చివరివఱకు నిలిచినదా? ఇట్టి ప్రశ్నలకు జవాబు వ్రాసిన విద్యార్థి పద్యమును చదివినప్పుడును తన మెప్పునకు కారణము వెదకును.

ఆ నియమము ఉపాధ్యాయునకును వర్తించును. వ్యాసము చివర ఎఱ్ఱసిరాతో పదింట నాలుగు అని వేసి ఊరకున్నచో, తక్కిన ఆరు ఎక్కడ పోయినవో పిల్లవానికి తెలియదు. ఒక్క సీసా ఏలునకు ఐదు శీర్షికల క్రింద కారణములు వ్రాయుచుండగా, పిల్లవాని వ్యాసమునకు రెండు వాక్యములైనను వ్రాయుట ధర్మము.