గేర్‌బాక్స్‌కి జ్వరమొస్తే ముల్లు చెప్పదు

మన పక్క పికప్ అంటే బొలెరో పికప్, దోస్త్, కాస్త చిన్నదైతే టాటా ఏస్. దాదాపు అన్నిటికీ క్లచ్ పెడల్ ఉంటుంది. ఘాట్‌లో క్లచ్ మీద కాలు ఎక్కువసేపు ఉంచితే మాడిన వాసన గుప్పున కొడుతుంది. డ్రైవర్ ఓ పక్కన ఆపుతాడు, టీ తాగుతాడు, చల్లారాక బయల్దేరతాడు. ఆ వాసనే అతనికి సెన్సార్. ఏ యాప్‌తోనూ పనిలేదు.

రెండు పెడళ్ల పికప్‌లు వచ్చాక ఆ సౌకర్యం పోయింది. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ (2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది), 2022లో మన దేశానికొచ్చిన టొయోటా హైలక్స్... రెండిట్లోనూ 6 గేర్ల ఆటోమేటిక్ దొరుకుతుంది. వీటిల్లో గేర్‌బాక్స్ వేడెక్కుతున్న సంగతి ముక్కుకి తెలీదు. మీటర్‌లో టెంపరేచర్ ముల్లు మధ్యలో బుద్ధిగా నిలబడి ఉంటుంది. అది చెప్పేది ఇంజిన్ నీళ్ల సంగతి. గేర్‌బాక్స్ నూనె గురించి దానికేం తెలీదు.

ఈ వారం ఇది రాయడానికి కారణం మా బావ. బొబ్బిలిలో ఉంటాడు, బోరు మోటార్ల పని. వెనక మోటార్లు, పైపులు, పనిముట్లు వేసుకుని నెలకి నాలుగైదుసార్లు సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ పక్క సైట్లకి వెళ్తాడు. నిరుడు సెకండ్‌హ్యాండ్‌లో ఆటోమేటిక్ పికప్ కొన్నాడు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. మొన్న ఫోన్ చేశాడు. "ఒరే, మూడు నుంచి నాలుక్కి మారినప్పుడు ఎవడో ఎనకనుంచి తన్నినట్టు కుదుపొస్తంది. సర్వీసోళ్లని అడిగితే లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోనక్కర్లేదంటన్నారు. అమ్మీమంటావేటి?"

గేర్‌బాక్స్ విప్పితే బిల్లు లక్షల్లో ఉంటుంది. బండి మీద ఇంకా లోను ఉంది. అందుకే ఒక ఆదివారం బావతో కలిసి ఘాట్ ఎక్కాను. చేతిలో ఫోను, స్టీరింగ్ కింద సాకెట్‌లో బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు నూనె అనుకుంటే అదే టార్క్ కన్వర్టర్. ఇంజిన్ మొదటి ఫ్యాన్‌ని తిప్పుతుంది, చక్రాలవైపు రెండోది ఉంటుంది. రెండిటి వేగంలో తేడా ఎంత ఎక్కువుంటే నూనె అంత చిలకబడి వేడెక్కుతుంది. వేగం అందుకున్నాక లోపల లాకప్ క్లచ్ ఒకటి రెండు ఫ్యాన్లనీ కలిపి పట్టేస్తుంది. అప్పుడు జారుడు ఉండదు, వేడీ తగ్గిపోతుంది.

ఇప్పుడో కాకిలెక్క. బండి, మనుషులు, సామాను కలిపి 2,500 కిలోలు అనుకుందాం. సాలూరు నుంచి కోరాపుట్‌కి ఎత్తు తేడా సుమారు 750 మీటర్లు. ఇంటర్ ఫిజిక్స్‌లో ఎం-జీ-హెచ్ గుర్తుందా? 18 మెగాజౌల్స్ పైచిలుకు వస్తుంది. అందులో పదో వంతు గేర్‌బాక్స్‌లో వేడిగా మారిందనుకున్నా 1.8 మెగాజౌల్స్. లోపల నూనె 9 లీటర్లు ఉంటే ఎనిమిది కిలోల దగ్గర తూగుతుంది. కిలో నూనె ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 2 కిలోజౌల్స్ చాలు. భాగించి చూడండి, 110 డిగ్రీల పైనే పెరగాలి. అంటే కూలర్ అనేదే లేకపోతే 85 దగ్గర కొండ మొదలెట్టిన నూనె పైకెళ్లేసరికి 190 దాటాలన్నమాట. నిజంగా అంత అవదు. గేర్‌బాక్స్ లోహం కొంత వేడి తాగుతుంది, కూలర్ కొంత బయటికి తోసేస్తుంది. కానీ ఆ కూలర్ ఎంత కష్టపడాలో ఈ లెక్క చెప్తుంది.

మామూలుగా ఈ నూనె 80 నుంచి 95 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 110 దాటితే చూసుకోవాలి. 120 దాటి అక్కడే ఉండిపోతే నూనె మాడటం మొదలవుతుంది. ప్రతి పదీ పదకొండు డిగ్రీలకి నూనె ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల పాత లెక్క ఒకటుంది. అది పాతకాలపు నూనెల మీద కట్టింది, ఇప్పటి సింథటిక్ నూనెలు కాస్త మొండివి. అయినా లెక్క నడిచే దిక్కు మాత్రం అదే. చాలా బళ్లలో డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు ఉంటుంది కానీ, అది వెలిగేది బాగా ముదిరాకే.

అమెరికాలో పికప్‌లకి బరువు లాగే పరీక్ష ఒకటి ఉంది, ఎస్ఏఈ జే2807. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్ల ఎత్తు రోడ్డు. బయట కనీసం 38 డిగ్రీల ఎండ ఉండాలి, ఏసీ ఫుల్‌లో పెట్టాలి, వెనక ట్రైలర్ తగిలించి గంటకి 64 కిలోమీటర్లకి తగ్గకుండా ఎక్కాలి. టెక్సాస్‌లో ఉన్న నా బ్యాచ్‌మేట్లు దీని గురించి గొప్పగా చెప్తారు. గొప్పదే, కాదనను. కానీ 64లో వెళ్తుంటే రేడియేటర్‌కి గాలి బాగా తగులుతుంది, లాకప్ పట్టే అవకాశమూ ఎక్కువ.

మన ఘాట్‌లో అలా కుదరదు. సాలూరు లారీల ఊరు. వీధి మళ్లితే బాడీ బిల్డింగ్ షెడ్డు. (2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా. నా నోటికి మాత్రం ఇంకా విజయనగరం జిల్లా అనే వస్తుంది.) పి.కోనవలస దాటి మలుపులు మొదలయ్యాక ముందు ఓ లోడు లారీ తగిలిందంటే ఇక పదీ పదిహేనులో పాకాల్సిందే. గాలి లేదు. లాకప్ లేదు. ఫ్యాన్ల మధ్య నూనె చిలుకుడే చిలుకుడు. ఫోన్‌లో మేం చూసింది అదే. రామభద్రపురం రోడ్డు మీద 88. కొండ మొదలై, రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపు 96. సిమెంటు లారీ వెనక ఇరుక్కున్నాక ఎనిమిది నిమిషాల్లో 114. ఇంజిన్ ముల్లు అంగుళం కదిలితే ఒట్టు. "ఇదేటిరా, ముల్లు దారినే ఉంది గదా!" అన్నాడు బావ. ఆ ముల్లుని చాలా కంపెనీలు కావాలనే అలా పెడతాయి. కొన్ని డిగ్రీలు అటూఇటూ అయినా మధ్యలోనే నిలబడుతుంది, లేకపోతే జనం ఊరికే కంగారుపడతారని.

ఫోన్‌లో చూడాలనుకునేవాళ్లకి ఒక మాట. ఓబీడీలో ఇంజిన్ కూలెంట్ టెంపరేచర్ అన్ని బళ్లకీ ఒకటే కోడ్. '01 05' అని అడిగితే '41 05 7బి' లాంటి జవాబొస్తుంది. 7బి అంటే 123, అందులోంచి 40 తీసేస్తే 83 డిగ్రీలు. గేర్‌బాక్స్ నూనెకి అలా అందరికీ పనికొచ్చే కోడ్ లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో దారి. టార్క్ ప్రో లాంటి యాప్‌లో మీ మోడల్ కోడ్, ఫార్ములా విడిగా ఎక్కించాలి. నెట్‌లో దొరికిన ఫార్ములాని గుడ్డిగా నమ్మొద్దు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసిన క్షణంలో చూడండి. గేర్‌బాక్స్ నూనె, కూలెంట్, బయటి గాలి, మూడూ ఇంచుమించు ఒకే అంకె చూపించాలి. ఒకటి 29, ఇంకోటి 61 చూపిస్తే మీ ఫార్ములా తప్పు. కోడ్ రాసేవాళ్లకి ఇది యూనిట్ టెస్ట్ లాంటిది.

114 చూశాక చేసింది పెద్దగా ఏమీ లేదు. గేర్ లివర్‌ని మాన్యువల్ మోడ్‌లోకి లాగి రెండో గేర్‌లో కట్టేశాం. మామూలుగా వదిలేస్తే బాక్స్ రెండూ మూడూ మధ్య ఊగిసలాడుతూ ప్రతిసారీ ఇంకొంచెం వేడి పోగేస్తుంది. కింది గేర్‌లో ఇంజిన్ కాస్త అరుస్తుంది, అరవనివ్వండి. జారుడు తగ్గుతుంది, పంపు కూడా నూనెని గట్టిగా తిప్పుతుంది. రెండోది, లారీకి అంటుకుని పాకడం మానేశాం. బ్రేకు మీద ఆగి, ముందు ఖాళీ వచ్చాక ఒకేసారి కదలడం. మా బావకి ఎక్కుడులో బ్రేకు తొక్కకుండా ఆక్సిలరేటర్ మీదే బండిని నిలబెట్టే అలవాటుంది. మాన్యువల్ బండిలో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడం ఎంత పాపమో ఇదీ అంతే. బండి కదలదు కాబట్టి ఇంజిన్ ఇచ్చే పవరంతా నూనెలోకే పోతుంది.

ఇంకా పెరుగుతుంటే వెడల్పున్న చోట పక్కకి ఆపి, పీ లో పెట్టి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచాలి. ఆపేస్తే పంపు ఆగుతుంది, వేడి నూనె ఉన్నచోటే ఉడుకుతుంది. మేం అలా ఆపితే కొన్ని నిమిషాల్లోనే వందకి దిగింది.

సీతంపేట, కురుపాం పక్క మట్టి రోడ్లలో పాకేవాళ్లకి ఇంకో ఆయుధముంది, 4ఎల్. రాళ్లూ బురదా ఉన్న చోట అది వేస్తే కన్వర్టర్ మీద భారం బాగా తగ్గిపోతుంది. కానీ ఆరిన తారు రోడ్డు మలుపుల్లో వెయ్యొద్దు. ఈ పికప్‌లలో ముందు వెనక ఇరుసులు బిగుసుకుపోతాయి, ఇంకో బిల్లు తయారవుతుంది. దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందనే పెద్దమనుషులు మన దగ్గర చాలామంది. గేర్‌లో ఉండి కాలు తీసేస్తే ఇప్పటి ఇంజిన్లు డీజిల్‌ని తామే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పోయేది బ్రేకులు. సాలూరు ఘాట్‌లో బ్రేకులు పోతే ఏమవుతుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక లైఫ్‌టైమ్ ఆయిల్. ఎవరి లైఫ్? ఓనర్స్ మాన్యువల్ వెనక పేజీల్లో సాధారణంగా ఇంకో టేబుల్ ఉంటుంది: కొండలు, బరువు, దుమ్ము, ఎండ ఉన్న చోట నడిపేవాళ్లకి. మన రోడ్లలో ఆ నాలుగూ ఉన్నాయి. మొదటి పేజీ టేబుల్ కాదు, అదీ మనది. బావ బండి మాన్యువల్‌లో ఆ టేబుల్ చూపిస్తే సర్వీసువాళ్లు ఇంకేం మాట్లాడలేదు.

నూనె దింపించాం. ఎర్రగా ఉండాల్సింది, కషాయంలా దిగింది. మాడిన వాసన. రోజ్ మిల్క్‌లా దిగితే మాత్రం ఇంకా పెద్ద గొడవ. గేర్‌బాక్స్ కూలర్ రేడియేటర్ లోపలే ఉండే బళ్లలో అది పగిలి, నీళ్లూ నూనె కలిసిపోయాయని అర్థం. మాది అది కాదు. కంపెనీ చెప్పిన గ్రేడే పోయించాం, ఆ రంగే కదా అని వేరేది పోయకూడదు. ఈ బండికి డిప్‌స్టిక్ లేదు. నూనె ఒక ఫలానా టెంపరేచర్‌లో ఉన్నప్పుడే లెవెల్ చూడాలి, అందుకని మెకానిక్ పక్కన నేను ఫోన్ పట్టుకుని అంకెలు చదువుతూ కూర్చున్నాను.

కుదుపు చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. లోపల క్లచ్ పలకలు ఎంత అరిగాయో నూనె మారిస్తే తెలీదు. ఇంకో 5,000 కిలోమీటర్లు చూసి చెప్తానన్నాడు మెకానిక్. బావ అమ్మకం వాయిదా వేశాడు. ముందు గ్రిల్ వెనక విడి కూలర్ బిగించడానికి ఎంతవుతుందో కనుక్కుంటున్నాడు. ఈలోపు ఘాట్‌కి తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరుతున్నాడట, లారీలు తక్కువుంటాయని. నిన్న సుంకి దగ్గర్నుంచి స్క్రీన్‌షాట్ పంపాడు: 101.