బదిలీ అయ్యే ప్రజాప్రతినిధులు

రైల్వే అధికారికి బదిలీ కొత్త కాదు. ఉత్తర్వు అందితే మరో ఊరికి కదలవలసిందే. ప్రజలు ఎన్నుకున్న శాసనసభ్యుడికీ అదే గతి పట్టినప్పుడు, అతడు ఎవరి ప్రతినిధి అన్న ప్రశ్న తలెత్తుతుంది. మాజీ మంత్రి ఆదిమూలపు సురేష్ రాజకీయ ప్రస్థానం ఈ ప్రశ్నను మన ముందుంచుతోంది.

రైల్వే కొలువును వదులుకొని రాజకీయాల్లోకి వచ్చిన సురేష్ 2009లో కాంగ్రెస్ అభ్యర్థిగా యర్రగొండపాలెం నుంచి గెలిచారు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున సంతనూతలపాడు నుంచి, 2019లో తిరిగి యర్రగొండపాలెం నుంచి నెగ్గారు. విద్యాశాఖ మంత్రిగా ఇంగ్లీషు మాధ్యమం వివాదంలో ప్రభుత్వ వాదనను భుజాన మోశారు. 2022 పునర్వ్యవస్థీకరణలోనూ మంత్రివర్గంలో నిలిచి పురపాలక శాఖ చేపట్టారు. అయినా 2024లో పార్టీ ఆయనను కొండపికి పంపింది. ఆయన ఓడిపోయారు. ఆయన వదిలి వచ్చిన యర్రగొండపాలెంలో మాత్రం అదే పార్టీ గెలిచింది.

ఇది ఒక్కరి కథ కాదు. కొండపిలో పార్టీ బాధ్యతలు చూస్తున్న వరికూటి అశోక్‌బాబును వేమూరుకు, వేమూరు నుంచి గెలిచి సాంఘిక సంక్షేమ మంత్రిగా ఉన్న మేరుగు నాగార్జునను సంతనూతలపాడుకు మార్చారు. వారిద్దరూ ఓడిపోయారు. ఇవన్నీ ఎస్సీ రిజర్వుడు స్థానాలే. ఆ ఎన్నికల్లో జనరల్ స్థానాల్లోనూ మార్పులు జరిగాయన్నది నిజమే. కానీ పులివెందుల 1978 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. కుప్పం 1989 నుంచి ఒకే నాయకుడిది. రాష్ట్రంలోని 29 ఎస్సీ స్థానాల్లో ఎంతమంది దళిత నాయకులు తమ నియోజకవర్గాన్ని అంత ధీమాగా తమదని చెప్పుకోగలరు?

ఈ నిస్సహాయత వేళ్లు 1932 సెప్టెంబర్ 24 నాటి పూనా ఒప్పందంలో ఉన్నాయి. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి ఉమ్మడి ఓటు వచ్చింది. అభ్యర్థి దళితుడే, నిర్ణయించే బలం మాత్రం ఇతరులది. 1952లో ఉత్తర బొంబాయిలో, 1954లో భండారా ఉప ఎన్నికలో సాక్షాత్తూ అంబేడ్కరే ఓటమి పాలయ్యారు. ఆ ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన 1982లో కాన్షీరామ్ 'చంచా యుగం' రాసింది ఈ పరాధీనతను ఎత్తిచూపడానికే.

అయితే అదే ఒప్పందంలో మనం మరచిపోయిన ఒక నిబంధన ఉంది. ప్రతి రిజర్వుడు స్థానానికి ముందుగా దళిత ఓటర్లే ప్రాథమిక ఎన్నికలో నలుగురిని ఎంపిక చేయాలి. ఆ నలుగురి నుంచే ఉమ్మడి ఓటర్లు ఒకరిని ఎన్నుకోవాలి. ఆ పద్ధతికి పదేళ్ల గడువే పెట్టారు. స్వతంత్ర భారత ఎన్నికల్లో దానికి చోటు దక్కలేదు.

దాన్ని పునరుద్ధరించడానికి పార్టీలకు చట్టం అక్కర్లేదు, చిత్తశుద్ధి చాలు. రిజర్వుడు స్థానంలో అభ్యర్థి ఎవరో అక్కడి దళిత సభ్యులు ఓటు వేసి తేల్చాలని పార్టీ నియమావళిలో రాసుకోవచ్చు. అలా ఎంపికైన నాయకుడిని అధినేత రాత్రికి రాత్రి మరో చోటికి పంపలేడు. ఆ నాయకుడూ తన వారికి జవాబు చెప్పకుండా తప్పించుకోలేడు.

సురేష్ ఉద్యోగంలో ఉండగా బదిలీకి కనీసం నిబంధనలుండేవి. ప్రజాజీవితంలో ఆ మాత్రం రక్షణ కూడా లేకపోవడం రిజర్వేషన్ లోపం కాదు. రిజర్వుడు సీటును తమ సొంత ఆస్తిగా భావించే పార్టీల లోపం. టికెట్ల కోసం అధినేతల గడప ముందు నిలబడే దళిత నాయకత్వం, ఇకనైనా ఆ టికెట్ ఇచ్చే అధికారాన్నే అడగాలి.