అలుగు

మా అన్నయ్యకూ నాకూ ఈ మధ్య చెరువు మీద తగాదా వచ్చింది. చెరువు మీద అలిగినవాడి సామెత తెలుగువాళ్లందరికీ తెలిసిందే కనక ఇక్కడ పూర్తిగా చెప్పను. ఈ పేజీ ఇంట్లో పిల్లలు కూడా చదువుతారు. ఈసారి ఆ అలిగినవాణ్ణి నేనే కావడం మాత్రం కొత్త విశేషం.

చెరువంటే మరీ పెద్దదేమీ కాదు. భట్టిప్రోలు పొలాల్లో మా వాటాకు వచ్చిన ఎకరంన్నర నేల. మూడువైపులా కాస్త మెరక, నాలుగోవైపు పల్లం. వరి వేస్తే మురిగిపోయేది. తాతయ్య విసిగిపోయి ఆ పల్లంవైపు మట్టికట్ట పోయించాడు. గడ్డి చెక్కించి, గట్టినేల తగిలేదాకా కందకం తీయించి, పొరపొరకూ నీళ్లు చల్లించి, ఎడ్లచేత తొక్కించాడట. ఒక పక్కన కట్టకన్న రెండడుగులు తక్కువ ఎత్తులో అలుగు వదిలాడు. నీళ్లు నిలిచాయి. తరవాత ఎవరూ పిలవకుండానే కొంగలు వచ్చాయి. నీటికాకులు, నీటికోళ్లు, లకుముకిపిట్టలు, శీతకాలంలో బాతులు, నత్తల కోసం నత్తగుల్లకొంగలు కూడా వచ్చాయి.

ఇప్పుడు ఆ చెరువును రొయ్యల సాగుకు కౌలుకిమ్మని ఒకాయన అడుగుతున్నాడు. ఇస్తే పైన వల కడతారు, పక్షుల్ని బెదరగొట్టడానికి టపాకాయలు కాలుస్తారు. నేను తెనాలినుంచి ఫోనులో గట్టిగా వాదించాను. తాతయ్య పేరెత్తాను, పక్షుల పేర్లన్నీ చదివాను.

“పక్షులు శిస్తు కడతాయట్రా?” అన్నాడు అన్నయ్య.

నేను ఫోను పెట్టేశాను. అలగడమంటే అదే కదా!

చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటని ఏటా క్లాసులో చెబుతాను. కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం గురించీ చెబుతాను. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు పనిచేశాయని అందులో ఉన్నది. మంచి చెరువుకు పన్నెండు అంగాలూ, చెడ్డ చెరువుకు ఆరు దోషాలూ లెక్కపెట్టారు. ఆ దోషాల్లో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం. పిల్లలు రాసుకుంటారు, నేను దిద్దుతాను, మార్కులు వేస్తాను. అంతటితో ఆ నీరు ఊరడం ఆగిపోయినట్టే నా లెక్క.

అలక నాలుగు రోజులకన్న నిలవలేదు. ఆదివారం బస్సెక్కి ఊరికి వెళ్లాను. అన్నయ్య ఏమీ అనకుండా నన్ను కట్టమీదికి తీసుకుపోయాడు.

మాది నల్లరేగడి. నీళ్లు పట్టి ఉంచడంలో దానికి సాటిలేదు గాని, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది. తొలకరికి ముందే ఆ నెర్రెలు పూడ్చాలి. పందికొక్కులు బొరియలు చేస్తాయి, పీతలు కన్నాలు చేస్తాయి. వేలెడు దారి దొరికితే నీరు దాన్ని పిడికెడు చేసుకుంటుంది. పిడికెడు దారి తెల్లారేసరికి గండి. కట్టమీద గడ్డి ఉండాలి, మట్టిని పట్టుకుంటుంది. చెట్టు మాత్రం ఉండకూడదు. అది ఎండితే వేరు కుళ్లి లోపల గొట్టమవుతుంది. నేను చిన్నప్పుడు నాటిన తుమ్మమొక్కను అన్నయ్య ఎందుకు పీకేశాడో ముప్ఫై ఏళ్లకు తెలిసింది.

“2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుందా?” అన్నాడు. ఎందుకు గుర్తులేదు! ఆ రాత్రి తెనాలిలో కిటికీలు మూసుకుని కూర్చున్నాను. అన్నయ్య లాంతరు పట్టుకుని అలుగు దగ్గర నిలబడి కొట్టుకొచ్చిన తూటికాడా, గుర్రపుడెక్కా లాగిపారేస్తూ ఉన్నాడట.

“కట్ట తెగేది నీళ్లెక్కువై కాదురా, పోయే దారి పూడిపోయి,” అన్నాడు.

తెలుగు మేష్టరును కనక నాకు ‘అలుగు’ మాట మీదికి మనసు పోయింది. కోపగించడమూ అలుగే, చెరువు నిండితే నీరు పోయే దారీ అలుగే. అన్నయ్య ఇన్నేళ్లూ చెరువుకు ఆ దారి పూడకుండా చూశాడు. ఆయన అలగడానికి మాత్రం మా ఇంట్లో ఎవరం దారి ఉంచలేదు. ఈ రొయ్యల కౌలు మాట ఆయన అలక కాబోలు.

పూర్వం చెరువు కట్టించిన రైతుకు దశబంధమని మాన్యం ఇచ్చేవారు. ఊరికే ఇచ్చింది కాదు. చెరువు మరమ్మతు భారం ఆ మాన్యం మీదే ఉండేది. మరి మా అన్నయ్యకు ఏ మాన్యం ఉన్నది? నా ఉపన్యాసం తప్ప?

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ ఎర్రకాళ్లకొంగలూ వందలకొద్దీ గూళ్లు పెడతాయి. చెట్లు చాలక ఇనుపకొమ్మలు కూడా నిలబెట్టారు. ఊరంతా కనిపెట్టుకుని ఉన్నది కనక అవి బతుకుతున్నాయి. కనిపెట్టేవాళ్లు లేకపోతే ఏమవుతుందో మా ఊళ్లోనే చూడవచ్చు. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపం తవ్వించి, అక్షరాలు చెక్కిన ధాతుపేటికలు బయటికి తీశాడు. అంతకు ముందే ఆ దిబ్బ ఇటుకలు రోడ్డుకూ, కాలువ పనులకూ తరలిపోయాయి. రెండువేల ఏళ్లు నిలిచిన కట్టడం, అడిగే నాథుడు లేక, బళ్లకెక్కింది. ఎకరంన్నర కుంట ఎంత!

సాయంత్రం కట్టమీద కూర్చున్నాం. నత్తగుల్లకొంగ ఒకటి మమ్మల్ని లెక్కచెయ్యకుండా నత్తను ఒలుచుకుంటున్నది. కట్ట ఖర్చులో సగం నాది అన్నాను. ఏటా జ్యేష్ఠమాసంలో వచ్చి నెర్రెలు కూడా పూడుస్తానన్నాను.

అన్నయ్య నా అరచేతులవైపు చూశాడు. “సంక్రాంతిదాకా ఆగమని కౌలాయనతో చెబుతాలే,” అన్నాడు. చెరువు ఇవ్వనని మాత్రం అనలేదు. నా మాటమీద ఆయనకింకా నమ్మకం కుదరలేదు. తప్పు ఆయనది కాదు.

సంతానమన్నాక కంటే చాలదు, పెంచాలి. మా చెరువును తాతయ్య కన్నాడు, అన్నయ్య పెంచాడు, నేను క్లాసులో పొగిడాను. వచ్చే జ్యేష్ఠంలో పార పట్టుకున్నానో లేదో ఈ పేజీలోనే మనవి చేసుకుంటాను. పట్టుకోకపోతే ఆ సామెత పూర్తిగా రాసి, కింద నా సంతకం పెడతాను.