ఆరు చక్రముల బండికి సంఘము గది నీయవలెనా?

తారానగర్ యువకులు కొందరు మన సంఘ కార్యవర్గమునకు ఒక వినతి పత్రము నందజేసియున్నారు. కొండదారులలో, రాళ్లలో, బురదలో మనిషి చేయి తగులకుండ తనంతట తాను త్రోవ చూచుకొని నడచు చిన్న ఆరు చక్రముల బండిని, లోకమున రోవర్ అని పిలువబడుదానిని, తీరిక వేళలలో తయారుచేయ దలచినామనియు, అందులకు సంఘ భవనపు వెనుక గదిని వాడుకొననీయవలెననియు, పనిముట్ల నిమిత్తము కొంత ధనసహాయము చేయవలెననియు వారి ప్రార్థన. వినతి తెలుగుననే వ్రాయబడినది. అక్షరదోషములు నాలుగైదు కలవు. వాటిని మేము ఉపేక్షించుచున్నాము.

పెద్దలలో కొందరికి ఇది రుచింపలేదు. ఉగాది ఉత్సవమునకే చందాలు చాలనప్పుడు ఆటబొమ్మలకు ధనమెక్కడిదని ఒకరు, భాషాల్పసంఖ్యాకుల సంఘమునకు మోటారులతో ఏమి సంబంధమని మరియొకరు అడుగుచున్నారు. ఆ ప్రశ్నలు త్రోసివేయదగినవి కావు. అయినను మా అభిప్రాయము గది నీయవలెననియే. కారణములు చెప్పెదము.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోగా, బళ్ళారి మొదలగు మిగిలిన భాగము మైసూరున చేరినది. నాటినుండి ఇచ్చటి తెలుగువారు వినతులు వ్రాయుటయందు ఆరితేరినారు. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ అధికరణమును పట్టుకొని మనము పోరుట న్యాయము. మానుమని మేము చెప్పము. కాని మన పిల్లల సంగతి చూడుడు. ఉగాదినాడు వచ్చి పచ్చడి తిని పోవుదురు. అవ్వతో మాత్రము తెలుగు, వీధిలో కన్నడము, చదువునకు ఇంగ్లీషు. ఏ పనియు నడువని భాష అవ్వతోడనే పోవును. మన తాతలు ఎద్దుబండిని చేయించుకొన్నప్పుడు ఇరుసు, ఆకులు, పూటీలు, నొగలు, కాడి, చీల అని ప్రతి ముక్కకు పేరుండెను. నేటి పిల్లవానికి అందు రెండు పేర్లు తెలిసిన గొప్ప. బండి పోయినది గనుక పేర్లు పోయినవి. ఇప్పుడు పిల్లలే ఒక బండి చేసెదమని వచ్చినప్పుడు, ఆ గదిలో ఇరుసు అను మాట మరల వినబడు అవకాశమును మనము చేజార్చుకొనవలెనా?

ఇక ఆ బండి ఆటబొమ్మ యను మాట. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగినది. దాని నుండి వెలువడిన ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు మాత్రమే. ఆగస్టు 27న దాని యెదుట మూడు మీటర్ల దూరమున నాలుగు మీటర్ల వెడల్పుగల గొయ్యి కనబడగా, వెనుకకు మరలుమని భూమినుండి ఆజ్ఞ పంపినారు, అది మరలినది. చంద్రునికి మాట చేరుటకు సెకనుకు కొంచెము పైగా పట్టును గనుక ఆ ఆజ్ఞ చెల్లినది. అంగారకునికైనచో మూడు నిమిషములు మొదలు ఇరువదిరెండు నిమిషముల వరకు పట్టును. అచ్చట బండి తన బుద్ధితో నడువక తప్పదు. మన కొండల మడతలలో సెల్‌ఫోను మ్రోగని తావులున్నవి గదా. అచ్చటను అదే ధర్మము.

ఇట్టి బండ్లకు స్ప్రింగులుండవు. ప్రక్కకొక పొడుగు కమ్మీ. దాని యొక కొన ఒక చక్రము, రెండవ కొన మధ్యన తిరుగునట్టి పొట్టి కమ్మీ, దానికి రెండు చక్రములు. కుడి యెడమల కమ్మీలను ఒకదానితో నొకటి ముడివేయుటచే ఒక ప్రక్క రాతిపైకెక్కినను పెట్టె అందులో సగమే ఒరుగును, ఆరు చక్రములు నేలను విడువవు. ఈ అమరిక రహస్యము కాదు. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీవారు 2018లో తమ చిన్న రోవర్ నమూనాను కొలతలతో సహా ఎవరైనను చేసికొనవచ్చునని ప్రకటించినారు. అప్పటి ఖర్చు సుమారు 2,500 డాలర్లు, అనగా నేటి లెక్కలో రెండు లక్షల రూపాయలకు పైమాట. అంత సొమ్ము మన సంఘమునకు లేదు, ఈయరాదు కూడ. పాతకార్ల అద్దము తుడుచు మోటారులు హొసపేట, బళ్ళారి పాతసామాను దుకాణములలో దొరకును, వాటితో మొదలుపెట్టవచ్చును.

లెక్క మాత్రము ముందు వేసికొనవలెను. ముప్పది కిలోల బండి ముప్పది డిగ్రీల వాలునెక్కుటకు పదునైదు కిలోల బరువునెత్తునంత బలము కావలెను. ఆరు చక్రములకు పంచిన ఒక్కొక్కదానికి రెండున్నర కిలోలు. చక్రపు వ్యాసార్ధము పండ్రెండు సెంటీమీటర్లైనచో మోటారు తిప్పుడుబలము ముప్పది కిలో-సెంటీమీటర్లు. రాతికి తగులుకొన్నప్పుడు ఒక చక్రమే భారము మోయును గాన దానికి రెట్టింపు చూచుకొనుట మేలు. త్రైరాశికము వచ్చిన పిల్లవానికి ఇది పెద్ద విద్య కాదు. అయినను పుస్తకములో నున్నప్పుడు వానికి రుచింపని ఈ లెక్క, వాలున బండి నిలిచిపోయిన నాడు రుచించును.

కన్నులు పెట్టుట అసలు కష్టము. జి.పి.ఎస్. ఒక్కదానిని నమ్మి విడిచిన బండి మన బాటలలో నిలువదు. దాని తప్పు కొన్ని మీటర్లుండును. కొండబాట వెడల్పే మూడు మీటర్లు. దిక్సూచియు అంతే. సండూరు కొండల ఖనిజము అధికభాగము హెమటైటు. అది సూదిని అంతగా కదల్పదు గాని మాగ్నెటైటు కలిసినచోట సూది తప్పును. అంతకన్న బండిలోని మోటారు అయస్కాంతములే దానిని పెడదారి పట్టించును. గనుక దిక్సూచిని నిలువు కర్రపై ఎత్తి పెట్టవలెను. కెమెరాకు ఐదు మీటర్ల దూరమే తేటగా కనబడునని అనుకొన్నచో, మనిషి నడకను మించిన వేగము బండికి తగదు. ఇక మన యెర్రదుమ్ము! లారీల దయవలన తారానగర్‌లో ఆకులు సైతము పచ్చగా నుండవు. ఆ దుమ్ము బేరింగులలోనికిని, కెమెరా అద్దముపైకిని రాక మానదు. ఎడారి దుమ్మును గూర్చి విదేశీయులు వ్రాసిన పుస్తకములకన్న మన వీధి మంచి పరీక్షాస్థలము.

పందెములకు పోయెదమని వినతిలో ఒక వాక్యమున్నది. 2004 మార్చి 13న అమెరికా రక్షణశాఖ వారి పరిశోధనా సంస్థ మొహావీ ఎడారిలో డ్రైవరు లేని బండ్లకు పది లక్షల డాలర్ల పందెము పెట్టినది. ఒక్కటియు గమ్యము చేరలేదు. అన్నిటికన్న ముందు పోయిన శాండ్‌స్టార్మ్ అను బండి సుమారు పండ్రెండు కిలోమీటర్ల వద్ద మలుపున గట్టుపై చిక్కుకొన్నది. అది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము వారిది. అచ్చటి రోబోటిక్స్ సంస్థకు 1979లో తొలి డైరెక్టరైనవారు చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన మన రాజ్ రెడ్డిగారు. 1994లో ట్యూరింగ్ పురస్కారము నొందినవారు. మరుసటి సంవత్సరము, 2005 అక్టోబరు 8న, స్టాన్‌ఫర్డ్ వారి స్టాన్లీ 212 కిలోమీటర్లు నడచి గెలిచినది. శాండ్‌స్టార్మ్ రెండవదిగా చేరినది. అంతటి విద్వాంసుల బండ్లే మొదటి యేట గట్టెక్కలేదు. మన పిల్లలది మొదటి మాసముననే నిలిచిపోయిన పెద్దలు నవ్వరాదు.

మన కుటుంబములలో ఎన్నింటికో అన్నము లారీ చక్రమునుండి వచ్చుచున్నది. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లా గనుల పని నిలిపినప్పుడు ఆ చక్రము ఆగినచో ఇండ్లలో ఏమగునో మనము చూచియున్నాము. ఆస్ట్రేలియాలో పిల్బరా ఇనుపగనులయందు రియో టింటో సంస్థ 2008 నుండి డ్రైవరు లేని లారీలను నడుపుచున్నది. అవి రేపే సండూరు కొండలకు వచ్చునని మేము భయపెట్టము. వచ్చిన నాడు వాటి కన్నును తుడిచి సరిచేయగల కుర్రవాడు మన వీధిలో నొకడుండిన మంచిదనియే మా తలంపు.

అయితే షరతులు లేక గది నీయరాదు. మొదట చేతి రేడియోతో నడిపి, బండి దృఢమైనదని తేలిన పిదపనే దానికి బుద్ధి పెట్టవలెను. బండిపై ఎర్రమీట యొకటి బ్యాటరీ విద్యుత్తును నేరుగా త్రెంచునట్లుండవలెను. కంప్యూటరు అనుమతికై అది ఎదురుచూడరాదు. రేడియో సంబంధము తెగినచో బండి నిలిచిపోవలెను. లిథియం బ్యాటరీలను రాత్రి యెవరును లేనప్పుడు గదిలో ఛార్జి చేయరాదు. ఈ విషయమున మేము పట్టుదలగా నుందుము, ఏలయన ప్రక్క గదిలోనే గ్రంథాలయమున్నది. గనుల హద్దులలోను, రిజర్వు అడవిలోను, లారీల రోడ్డుమీదను పరీక్షలు వలదు. నారిహళ్ళ ఆనకట్టపై అనుమతి లేక వలదు. కోతలైన పొలము చాలును, రైతు నడిగి.

కన్నడ మిత్రులను చేర్చుకొనవచ్చునా యని వినతిలో అడిగినారు. చేర్చుకొనవలెను. పనిపుస్తకము మాత్రము తెలుగున వ్రాయవలెను. వారికి కావలసినచో కన్నడమునను వ్రాసికొందురు గాక. ధనసహాయము మూడు విడతలుగా, మొదటి విడత లెక్క చూపిన పిమ్మటనే రెండవది.

కార్యవర్గము వచ్చు ఆదివారము ఈ విషయమును చర్చింపనున్నది. సభ్యులు తప్పక రావలెను. వెనుక గదిలో విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు, ఒక హార్మోనియము పెట్టె చాలకాలముగా పడియున్నవి. వాటినెచ్చటికి తరలింపవలెనో కార్యదర్శిగారు ముందుగా ఆలోచించి వచ్చినచో సభాకాలము కలిసివచ్చును.